వద్దన్నాక ఆపాలి కదండీ!

బందరులో ఇళ్ల స్థలాలు కొనిపెట్టడం, అమ్మిపెట్టడం నా వృత్తి. 2023లో పోర్టు పనులు మొదలయ్యాక గుడివాడ, దివిసీమల నుంచి అమెరికా వెళ్లినవాళ్ల ఈమెయిల్ చిరునామాలు ఎవరో ఇస్తే, అందరికీ ఒకేసారి పంపేసేదాన్ని. వాళ్లనడిగి ఇచ్చారా అని ఆలోచించనేలేదు.

ఓరోజు డాలస్ నుంచి అవనిగడ్డ ఆడపడుచు ఒకావిడ రాసింది. "ఏమండీ, నాన్న పోయి నెల తిరగలేదు. 'మీ ఊళ్లో స్థలం అమ్ముతారా' అంటూ ఇది నాలుగోది. ఆపమని రెండుసార్లు రాశాను." గుండె కలుక్కుమంది. ఆ జవాబులు నేను తెరిచి చూస్తేగా!

అప్పుడు కనుక్కున్నాను. అమెరికాలో 2003లోనే దీనికి చట్టం చేశారు. వ్యాపార ఈమెయిల్లో పంపినవాళ్ల చిరునామా ఉండాలి, వద్దని చెప్పే దారి చూపాలి, చెప్పాక 10 పనిదినాల్లో ఆపెయ్యాలి. కెనడాలో అయితే ముందే ఒప్పుకోలు కావాలి. మన దేశంలోనూ 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేశారు. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడమూ అంత తేలిగ్గా ఉండాలంటుంది అది. "ఇంత దూరం వచ్చి మనల్నెవరడుగుతారు?" అంటారు మావాళ్లు. అడక్కపోవచ్చు. రేపు కొనాల్సింది మాత్రం వాళ్లే!

పాత పట్టిక చింపేశాను. సరేనన్నవాళ్లు నలభైమంది మిగిలారు. ఇప్పుడు ప్రతిదాని అడుగునా ఆఫీసు చిరునామా, రెరా నమోదు నంబరు, 'వద్దంటే ఒక్క ముక్క రాయండి' అన్న మాట ఉంటున్నాయి.

అవనిగడ్డ ఆవిడకి క్షమించమని రాద్దామనుకున్నాను. వద్దన్న మనిషికి అదీ పంపకూడదనిపించింది. పేరు కొట్టేసి ఊరుకున్నాను.