నల్ల గేదె, తెల్ల పత్తి: ఔత్సాహిక ఛాయాగ్రహణంపై అపోహలు – వాస్తవాలు

జీవనోపాధి కోసం కాక ఇష్టం కొద్దీ, తీరిక వేళల్లో ఫోటోలు తీసేవారిని ఔత్సాహిక ఛాయాగ్రాహకులు అంటారు. ఇంగ్లీషులో వీరికి వాడే అమెచ్యూర్ అనే మాట ప్రేమించడమనే అర్థం గల లాటిన్ మూలం నుంచి పుట్టినా, పోను పోను దానికి పని సగమే తెలిసినవాడనే చిన్నచూపు అంటుకుంది. ఛాయాగ్రహణ చరిత్ర మాత్రం ఈ చిన్నచూపును సమర్థించదు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగం చేసుకుంటూ ఇష్టంతో కెమెరా పట్టిన లాలా దీన్‌దయాళ్, ఆ తర్వాతే ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పి, రాజా బిరుదు పొందారు. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ చేతికి మొదటి కెమెరా వచ్చేనాటికి ఆమెకు 48 ఏళ్లు. షికాగోలో పిల్లల ఆయాగా పనిచేసిన వివియన్ మేయర్ లక్షకు పైగా ఫోటోలు తీసినా, 2007 వరకు వాటి సంగతి లోకానికి తెలియదు. ఈ ముగ్గురూ కెమెరా పట్టింది దాన్ని వృత్తిగా ఎంచుకుని కాదు. ఔత్సాహికుడి పని నాణ్యతను ఆదాయంతో కొలవడం ఎంత పొరపాటో, చూపుతో, ఓపికతో రావలసినదాన్ని పరికరానికో, ప్రయాణానికో, అదృష్టానికో అప్పగించడమూ అంతే పొరపాటు. వాడుకలో ఉన్న అపోహలలో చాలావరకు ఈ రెండో పొరపాటుకు రూపాంతరాలే.

వీటిలో బాగా పాతుకుపోయినది, మెగాపిక్సెళ్లు పెరిగేకొద్దీ ఫోటో బాగుంటుందన్న నమ్మకం. పిక్సెల్ అంటే డిజిటల్ చిత్రంలోని అతి చిన్న చుక్క. అలాంటి పది లక్షల చుక్కలు ఒక మెగాపిక్సెల్. అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రిస్తే, ఆల్బములో పెట్టుకునే 4×6 అంగుళాల ఫోటోకు 1200×1800 చుక్కలు, అంటే రెండు మెగాపిక్సెళ్లకు కాస్త పైన సరిపోతాయి. గోడకు వేలాడదీసే 12×18 అంగుళాల పటానికి కూడా ఇరవై లోపే చాలు. అసలు తేడా చుక్కల లెక్కలో కంటే వెలుతురును అందుకునే సెన్సర్ వైశాల్యంలోనూ, లెన్స్ నాణ్యతలోనూ, షట్టర్ నొక్కేటప్పుడు చెయ్యి ఎంత నిలకడగా ఉందన్న దానిలోనూ ఉంటుంది. చెయ్యి వణికితే యాభై మెగాపిక్సెళ్ల కెమెరా ఆ వణుకునే మరింత వివరంగా చూపిస్తుంది.

కెమెరా ఖరీదైనదైతే వెలుతురును అదే సరిగ్గా లెక్కగట్టుకుంటుందన్న అభిప్రాయాన్ని కొంచెం నిదానంగా పరిశీలించవలసి ఉంది, ఎందుకంటే కొత్తవారిని నిరాశపరిచే ఫోటోలలో ఎక్కువ భాగం ఇక్కడే పాడవుతాయి. కెమెరాలోని మీటరు ఎదుటి దృశ్యం నుంచి తిరిగివచ్చే వెలుతురును మాత్రమే కొలుస్తుంది. ఆ దృశ్యం స్వతహాగా నల్లనిదో తెల్లనిదో దానికి తెలియదు. అందుకని అది ప్రతి దృశ్యాన్నీ తెలుపు నలుపులకు నడుమ ఉండే మధ్యస్థ బూడిద రంగుకు, అంటే పడిన వెలుతురులో సుమారు 18 శాతాన్ని తిప్పిపంపే ఉపరితలానికి, సరిపడేలా సర్దడానికి మొగ్గుతుంది. చెరువులో నుంచి అప్పుడే లేచి వచ్చిన గేదె వీపు ఫ్రేమంతా నిండితే, మీటరు దాన్ని చీకటిగా భావించి వెలుతురు పెంచుతుంది. నిగనిగలాడవలసిన నలుపు కాస్తా పాలిపోయి, వీపు మీద జారుతున్న నీటిబొట్ల మెరుపు తెల్లని మచ్చలుగా మారిపోతుంది. వరంగల్ మార్కెట్ యార్డులో రాశి పోసిన పత్తిని తీస్తే జరిగేది దీనికి తలకిందులు: తెలుపు మరీ ఎక్కువైందని మీటరు వెలుతురు తగ్గిస్తుంది, పత్తి మాసిన గుడ్డలా కనిపిస్తుంది. ముగ్గు విషయంలో చాలామంది లెక్క తప్పుతారు. ముగ్గు తెల్లనిది కాబట్టి వెలుతురు పెంచాలని అనుకుంటారు గానీ, ఫ్రేములో ఎక్కువ చోటు ఆక్రమించేది ఇంకా తడి ఆరని కళ్లాపి నేల. మీటరు ఆ నేలను చూసి వెలుతురు పెంచుతుంది, దానితో పిండి గీతలలోని గరుకు పూర్తిగా మాయమై, కాగితం కత్తిరించి అతికించినట్టు కనిపిస్తుంది. దీనికి విరుగుడు దాదాపు ప్రతి కెమెరాలోనూ, చాలా ఫోన్లలోనూ ఉంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అనే ఆ సదుపాయంలో ఒక మెట్టు పెంచితే వెలుతురు రెట్టింపవుతుంది, ఒక మెట్టు తగ్గిస్తే సగమవుతుంది. గేదెకూ ముగ్గుకూ తగ్గించాలి, పత్తికి పెంచాలి. ఏది ఎంతో కెమెరా చెప్పలేదు. ఎదుట ఉన్నది గేదె అని తెలిసిన మనిషే చెప్పాలి.

ఐఎస్ఓ పెంచితే ఫోటో పాడవుతుందన్నది ఇంకొక సగం నిజం. సెన్సర్ అందుకున్న సంకేతాన్ని ఎంత ప్రకాశవంతంగా చూపాలో నిర్ణయించే కొలమానం ఐఎస్ఓ. మసక వెలుతురులో తీసిన ఫోటోలో ఇసుక చల్లినట్టు కనిపించే గరుకును నాయిస్ అంటారు. దానికి ప్రధాన కారణం ఐఎస్ఓ అంకె కాదు, సెన్సర్ మీద పడిన వెలుతురు తక్కువ కావడమే. వెలుతురు కణాలుగా, క్రమం లేకుండా వచ్చిపడుతుంది కనుక, కణాలు తక్కువైనప్పుడు ఆ హెచ్చుతగ్గులు కంటికి తెలుస్తాయి. ఐఎస్ఓ 200 దగ్గరే ఉండాలన్న పట్టుదలతో, సెకనులో 15వ వంతు సేపు షట్టర్ తెరిచి బతుకమ్మ ఆడుతున్న పిల్లలను తీస్తే, దక్కేది చెదిరిన ముఖాలు. అదే 1600కు పెంచితే షట్టర్‌ను సెకనులో 125వ వంతుకు కుదించవచ్చు, ముఖాలు నిలుస్తాయి, గరుకు కొంత ఉంటుంది. గరుకున్న ఫోటోను ఆల్బములో దాచుకోవచ్చు. చెదిరిన ముఖాన్ని బాగుచేయడం దాదాపు అసాధ్యం. మసక వెలుతురులో ఫ్లాష్ ఆదుకుంటుందనే ఆశ కూడా కొన్ని మీటర్ల వరకే నెరవేరుతుంది, దూరం రెట్టింపైతే దాని వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. జాతరలో వెనక వరుస నుంచి కొట్టిన ఫ్లాష్ వెలిగించేది ముందున్నవారి తలలనే.

ఫోన్ లెన్స్ ముఖాన్ని వికారం చేస్తుందని, ముక్కు పెద్దదిగా చూపిస్తుందని చాలామంది ఫిర్యాదు చేస్తారు. తప్పు లెన్స్‌ది కాదు, దూరానిది. ముక్కు కొసకూ చెవికీ మధ్య సుమారు 12 సెంటీమీటర్ల లోతు ఉందనుకుంటే, ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఫోన్ పెట్టినప్పుడు చెవి 42 సెంటీమీటర్ల దూరాన ఉంటుంది, కాబట్టి చెవితో పోలిస్తే ముక్కు 40 శాతం పెద్దదిగా నమోదవుతుంది. అదే రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే ఆ తేడా ఆరు శాతమే. లెన్స్ మార్చినా, మార్చకపోయినా, వస్తువుల పరిమాణాల మధ్య పొందికను నిర్ణయించేది నిలబడిన చోటే. నాలుగడుగులు వెనక్కి వేసి, కాస్త జూమ్ చేసుకుంటే అమ్మమ్మ ముఖం అమ్మమ్మ ముఖంలా వస్తుంది.

దిద్దిన ఫోటో అబద్ధమని, దిద్దనిదే నిజమని అనేవారు, దిద్దని ఫోటో అనేది దాదాపు లేదన్న సంగతి మరచిపోతారు. ఫిల్మ్ కాలంలో చీకటి గదిలో కాగితం మీద ఒక భాగానికి వెలుతురు తగ్గించడం, మరొక భాగానికి పెంచడం నిత్యకృత్యం. అమెరికా ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలో తీసిన చంద్రోదయ చిత్రాన్ని దశాబ్దాల పాటు రకరకాలుగా ముద్రిస్తూ, ఆకాశాన్ని క్రమంగా నల్లబరుస్తూ వచ్చారు. మన ఊళ్ల స్టూడియోలలో నెగెటివ్ మీద పెన్సిల్‌తో మచ్చలు చెరిపిన చేతులు, నలుపు తెలుపు పెళ్లి ఫోటోలకు రంగులద్దిన కుంచెలు ఎన్నో. నేటి కెమెరా జేపెగ్ చిత్రాన్ని భద్రపరిచేటప్పుడు రంగునూ పదునునూ తానే దిద్దుతుంది. అయితే గీత ఒకటి ఉంది, దాన్ని గౌరవించడం తప్పనిసరి: వార్తాచిత్రంలోనూ, వన్యప్రాణి చిత్రాల పోటీలలోనూ లేనిదాన్ని చేర్చడం, ఉన్నదాన్ని తీసెయ్యడం దిద్దడం కాదు, మోసం.

మంచి ఫోటోకు దూరప్రయాణం కావాలన్న అపోహ ఔత్సాహికులకు చేసే నష్టం ఇంతా అంతా కాదు. అరకు లోయకు ఏడాదికొకసారి వెళ్లి వచ్చేవారికి ఆ ఒక్క రోజు మబ్బు ఎలా ఉంటే అలాంటి ఫోటోనే దక్కుతుంది. ఇంటి వంటగది మాత్రం ప్రతి ఉదయమూ అందుబాటులో ఉంటుంది. తూర్పు కిటికీ పక్కన చాట పట్టుకుని బియ్యం చెరిగే మనిషి మీద ఏటవాలుగా పడే ఎండ, లేచిన ఊక ధూళిని ఒక్కొక్క రేణువుగా వెలిగించేది కొద్ది నిమిషాలే. ఆ ఎండ ఏ నెలలో ఏ వేళకు చాట దాకా వస్తుందో ఆ ఇంట్లో ఉండేవారికే తెలుస్తుంది. బయటి నుంచి పిలిపించిన వృత్తి ఛాయాగ్రాహకుడికి అంత వ్యవధి ఉండదు. ఔత్సాహికుడికి ఉన్న అసలైన ఆస్తి అదే.

ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని, ముగ్గురు కలిసి దిగితే అరిష్టమని పాతతరం నమ్మింది. దీనికి ఆధారమేదీ లేదు. ఫోటో పుట్టిన తొలి రోజులలో తల కదలకుండా వెనక ఇనుప ఊతం పెట్టి, ఊపిరి బిగబట్టించి చాలాసేపు కూర్చోబెట్టేవారు గనుక ఆ భయం కలిగి ఉండడంలో వింత లేదు. ఇప్పటికీ ఎవరైనా పెద్దామె ముఖం తిప్పుకుంటే, అది మూఢనమ్మకమని వాదించడం కంటే కెమెరా దించడం మర్యాద.

హక్కుల విషయంలో గందరగోళం ఇంకా ఎక్కువ. ఫోటోలో ఉన్నవారిదే ఫోటో అని కొందరు, ఇంటర్నెట్‌లో పెట్టాక అది అందరిదని మరికొందరు అనుకుంటారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటోకు కర్త దాన్ని తీసినవారే. డబ్బిచ్చి తీయించుకున్నప్పుడు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారు తొలి హక్కుదారులవుతారు. 2012 సవరణ తర్వాత ఈ హక్కు తీసినవారి జీవితకాలంతో పాటు మరో 60 ఏళ్లు ఉంటుంది. హక్కు పుట్టడానికి రిజిస్ట్రేషన్ అవసరం లేదు. అలాగని కాపీరైట్ ఉన్నంత మాత్రాన ఎవరి ముఖాన్నైనా ఎలాగైనా వాడుకోవచ్చని కాదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో స్పష్టం చేసింది.

చివరి అపోహ భద్రతకు సంబంధించినది. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచిన లెన్స్ క్షేమంగా ఉంటుందని అనుకుంటారు. కాకినాడ, విశాఖపట్నం లాంటి తీరప్రాంతాల తేమలో చీకటి, గాలి ఆడకపోవడం తోడైతే అద్దం మీద సాలెగూడు లాంటి బూజు అల్లుకుంటుంది, తోలు ఆ తేమను మరింత పట్టి ఉంచుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పాటు ఉంచి, ఆ గుళికలు తేమ పీల్చి రంగు మారినప్పుడు వేడిచేసి మళ్లీ వాడుకోవడం, మధ్యమధ్య లెన్స్‌ను బయటికి తీసి వాడుతూ ఉండడం మేలు. డిజిటల్ ఫోటోలు శాశ్వతమన్నదీ ఇలాంటి ధీమాయే. హార్డ్ డిస్కులు ముందస్తు హెచ్చరిక లేకుండానే చెడిపోతాయి కాబట్టి, రెండు వేర్వేరు చోట్ల ప్రతులు ఉంచుకుని, ఏడాదికి కొన్నిటినైనా కాగితం మీద ముద్రించుకోవడం అవసరం. ముద్రించిన ఫోటో వెనక పేర్లు, ఊరు, తేదీ రాసేటప్పుడు బాల్ పెన్ను కాక మెత్తని పెన్సిల్‌ వాడాలి. పెన్ను ఒత్తిడి ముందువైపు గీతలుగా తేలుతుంది, సిరా పక్క ఫోటోకు అంటుకుంటుంది.