తొమ్మిదిలోనే ఇంటర్ జీవశాస్త్రమా?

వానాకాలంలో గద్వాల జిల్లా ధరూర్ మండలంలో సీడు పత్తి చేను గట్టు మీద మధ్యాహ్నం నిలబడి చూడండి. కూలీలు మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను వెతికి, బొటనవేలి గోటితో రేకులనూ కేసరాలనూ ఒలిచేసి, మధ్యలోని కీలాగ్రాన్ని మాత్రం దెబ్బ తగలకుండా వదిలేస్తారు. తెల్లారాక పుప్పొడి కోసం వేసిన మగ సాళ్లలోంచి విచ్చిన పువ్వు తెంపి దాని పుప్పొడిని ఆ కీలాగ్రానికి రాస్తారు. పత్తి పువ్వులో ఆడ, మగ రెండు భాగాలూ ఉంటాయి కాబట్టి, ముందురోజే కేసరాలు తీసేయకపోతే సొంత పుప్పొడే పడి హైబ్రిడ్ విత్తనం చెడిపోతుంది. ఈ నడిగడ్డ ప్రాంతంలో దీన్ని క్రాసింగ్ అంటారు. ఇంటర్ వృక్షశాస్త్రం పుస్తకంలో దీని పేరు విపుంసీకరణ, పరపరాగ సంపర్కం.

క్రాసింగ్ చేసే ఇలాంటి రైతుల ఇళ్ల నుంచే ఇప్పుడొక ప్రశ్న వస్తోంది. పాపనో బాబునో ఎనిమిదిలో, తొమ్మిదిలోనే నీట్ ఫౌండేషన్‌లో చేర్పించాలా అని. ఆశ పుట్టడానికి కారణముంది. 2022లో వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. 2024లో 50 సీట్లతో గద్వాలకూ ఒకటి వచ్చింది. డాక్టర్ చదువు ఇంత దగ్గరికి వచ్చాక తల్లిదండ్రులు తొందరపడటంలో తప్పేమీ లేదు. తొందర ఏ పని మీద పడుతోందన్నదే ఆలోచించాలి.

ఫౌండేషన్ పేరుతో చాలాచోట్ల చెప్పేది ఇంటర్ పాఠాలే, రెండు మూడేళ్ల ముందుగా. జీవశాస్త్రం బట్టీ పడితే వచ్చేస్తుందని, బట్టీకి లేత వయసు మంచిదని మనలో గట్టి నమ్మకం. దానికి తోడు నీట్ 720 మార్కుల్లో 360 జీవశాస్త్రానివే. ఇక ఆలస్యం ఎందుకనిపిస్తుంది. కానీ ఇంటర్ స్థాయికి వచ్చేసరికి ఈ సబ్జెక్టు పేర్ల జాబితాగా ఉండదు. అది రసాయన శాస్త్రం మీద నిలబడి ఉంటుంది.

మన చేలోని బీటీ పత్తినే తీసుకుందాం. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును పత్తి మొక్కలో పెట్టారు. మన దేశంలో 2002లో దీనికి అనుమతి వచ్చింది. ఆ జన్యువు వల్ల మొక్కలో ఒక ప్రోటీన్ తయారవుతుంది. కాయతొలుచు పురుగు ఆకు తిన్నప్పుడు ఆ ప్రోటీన్ పురుగు పేగులోకి చేరుతుంది. అక్కడ క్షార గుణం ఉండటం వల్ల అది చురుకై, పేగు గోడ కణాలకు అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. ఆ రంధ్రాల గుండా నీరు చొరబడి కణాలు ఉబ్బి పగిలిపోతాయి, పురుగు చస్తుంది. ఇంటర్ రెండో సంవత్సరంలో చదివే సంగతి ఇది.

దీన్ని అర్థం చేసుకోవాలంటే పిల్లకు ఏమేం తెలిసి ఉండాలి? క్షారమంటే ఏమిటో, పీహెచ్ ఒక్క అంకె మారితే హైడ్రోజన్ అయాన్ల గాఢత పది రెట్లు ఎలా మారుతుందో తెలియాలి. అది పదో తరగతి ఆమ్లాలు–క్షారాల పాఠం. ఒక పదార్థం మరోదానికి ఎందుకు అతుక్కుంటుందో తెలియాలి. అది పదిలోని రసాయన బంధం. కణంలోకి నీరు ఎలా చొరబడుతుందో తెలియాలి. అది తొమ్మిదిలో ప్లాస్మా పొర గుండా పదార్థాల రవాణా పాఠంలోనే ఉంది. అంటే పునాది ఇప్పుడు పిల్ల సంచిలో ఉన్న పుస్తకంలోనే ఉంది. దాన్ని పక్కన పెట్టి చెప్పే ఫౌండేషన్ పునాది ఎలా అవుతుంది?

లెక్కల సంగతీ అంతే. మెండెల్ బఠానీ ప్రయోగంలో 9:3:3:1 నిష్పత్తిని తొమ్మిదో తరగతి పిల్ల ఒక్క సాయంత్రంలో బట్టీ పడుతుంది. ఆ 9 ఎక్కడిదని అడిగితే మాత్రం చెప్పలేదు. నాలుగింట మూడు వంతులను నాలుగింట మూడు వంతులతో గుణిస్తే పదహారింట తొమ్మిది. ఇది సంభావ్యత, పదో తరగతి గణితం. బైపీసీలో లెక్కలు ఉండవు కాబట్టి పదిలో నేర్చుకున్న లెక్కలే ఆ పిల్లకు చివరిదాకా తోడు.

అమెరికాలోనూ ఈ చర్చ ఉంది. అక్కడి హైస్కూళ్లలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ బయాలజీ అనే కాలేజీ స్థాయి కోర్సు ఉంటుంది. తొమ్మిదిలోనే తీసుకోవచ్చా అన్న ప్రశ్న అక్కడి తెలుగు ఇళ్లల్లోనూ వినిపిస్తుంది. ఆ కోర్సు నడిపే కాలేజ్ బోర్డు సలహా మాత్రం, హైస్కూలు బయాలజీ, కెమిస్ట్రీ రెండూ పూర్తయ్యాక తీసుకోమని. నోబెల్ గ్రహీత లియాన్ లెడర్‌మన్ ఇంకా ముందుకెళ్లి, బడిలో మొదట భౌతికశాస్త్రం, తర్వాత రసాయనం, ఆ పైన జీవశాస్త్రం చెప్పాలని వాదించారు. అయినా అక్కడ తొందరపడిన పిల్లకు ఒక లాభం ఉంది, మంచి స్కోరు వస్తే చాలా కాలేజీలు క్రెడిట్లు ఇస్తాయి. ఇక్కడ అదీ లేదు. కాలేజీలో చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండితేనే ఎంబీబీఎస్. తొమ్మిదిలోనే సిలబస్ అంతా ముగించినా ఒక్క ఏడాది కూడా కలిసిరాదు. పైగా 16 ఏళ్లు నిండని, పదో తరగతి పూర్తికాని పిల్లలను కోచింగ్ సెంటర్లు చేర్చుకోకూడదని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలిచ్చింది.

ఎవరికీ వద్దని నేననను. కొందరు పిల్లలు తమంతట తామే పై తరగతి పుస్తకం తెచ్చుకుని చదువుతారు. వాళ్లను ఆపకూడదు. మీ పిల్ల అలాంటిదో కాదో తెలుసుకునే పద్ధతి ఒకటుంది. ఇంటర్ మొదటి సంవత్సరంలోని కణం పాఠం పది రోజులు ఇంట్లో ఉంచండి. పిల్ల అది చదివి వచ్చి 'ఎందుకు' అని అడిగితే ఆ పిల్ల సిద్ధంగా ఉన్నట్టే. 'ఎన్ని పేజీలు నేర్చుకోవాలి' అని అడిగితే ఇంకా రెండేళ్లు ఆగవచ్చు.

ఈలోగా చేయాల్సింది చూడటం. రేవులపల్లిలో జూరాల ప్రాజెక్టు చేపను కోస్తున్నప్పుడు మొప్పలు ఎత్తి ఎర్రదనం చూడమనండి. ఆ చేప గుండెకు రెండే గదులు, మనకు నాలుగు. ఎందుకో పదో తరగతి ప్రసరణ పాఠంతో కలిపి ఆలోచించమనండి. ఇవాళ లేత పసుపుగా ఉన్న పత్తి పువ్వు రేపటికి గులాబీ రంగుకు ఎలా తిరుగుతుందో రెండు రోజులు వరుసగా చూసి రాసుకోమనండి. పిల్లల్ని కూలికి పంపమని నా మాటకు అర్థం కాదు. క్రాసింగ్ రోజుల్లో బడి మాన్పించి చేలోకి తోలడం నడిగడ్డ పిల్లలకు చాలాకాలంగా జరుగుతున్న అన్యాయం. సెలవు రోజున నాయనతో గట్టు మీద నిలబడి చూసినా చాలు.

ఫీజు కట్టేముందు ఒకసారి పిల్ల చదివే బడికి వెళ్లండి. ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ఉంటే బీరువాలోంచి తీయించమని సైన్స్ సారును అడగండి. ఉల్లిపొరను దాని కింద పెట్టి, కణం గోడ కనబడేదాకా పిల్లను చూడనివ్వండి.