ఒకే పలక, అనేక అలలు

విద్యార్థులారా! పుదుచ్చేరిలో మంచు కురవదు. అయినా కాశ్మీరులోని గుల్మార్గ్‌లోనో, ఉత్తరాఖండ్‌లోని ఔలీలోనో మంచువాలుపై జారే క్రీడాకారునికి ఎదురయ్యే ప్రశ్నే, పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరాన సెరినిటీ తీరంలో సర్ఫింగ్ నేర్చుకునేవారికీ ఎదురవుతుంది. మంచు రోజుకొక తీరుగా ఉంటుంది. సముద్రమూ అంతే. రోజుకొక పలక కొనలేం కదా! మరి రకరకాల పరిస్థితులకు పనికివచ్చే ఒక్క పలకను ఎలా ఎంచుకోవాలి?

ముందుగా స్కీలను చూద్దాం. కొత్తగా కురిసిన మెత్తని మంచుకు వెడల్పాటి స్కీ కావాలి. బరువు ఎక్కువ వైశాల్యం మీద పరచుకుంటే పీడనం తగ్గి, మనిషి కూరుకుపోడు. గడ్డకట్టిన మంచు మీద సన్నని స్కీ నయం. దానిని త్వరగా పక్కకు ఒరిగించి, ఉక్కు అంచుతో పట్టు సంపాదించవచ్చు. ఈ రెండింటికీ రాజీగా, నడుము వెడల్పు సుమారు 85 నుంచి 100 మిల్లీమీటర్లు ఉండే 'ఆల్ మౌంటెన్' స్కీలు వచ్చాయి.

ఇక సముద్రానికి వద్దాం. ఇక్కడ మొదట పనిచేసేది మీరు చదువుకున్న ఆర్కిమెడిస్ సూత్రమే. 8 అడుగుల సర్ఫింగ్ పలక ఘనపరిమాణం 70 లీటర్లు అనుకుందాం. సముద్రపు నీరు లీటరుకు సుమారు 1.025 కిలోలు తూగుతుంది. అంటే ఆ పలక దాదాపు 72 కిలోల బరువును తేల్చగలదు. విద్యార్థి బరువు 60 కిలోలు, పలక బరువు 6 కిలోలు అయితే మొత్తం 66. పలక తేలుతుంది.

అదే విద్యార్థి చూడముచ్చటగా ఉందని 30 లీటర్ల పొట్టి పలక కొన్నాడనుకోండి. అది తేల్చగలిగేది 31 కిలోలలోపే. పడుకోగానే పలకతోపాటు శరీరమూ కొంత మునుగుతుంది. చేతులతో ఎంత తోసినా అల వేగం అందదు. మరి నిపుణులు దానిపై ఎలా నిలబడతారు? వేగం అందుకున్న తరువాత, పలక అడుగున తాకే నీరే దానిని పైకి నెడుతుంది. ఆ వేగాన్ని అందుకోవడమే కొత్తవారికి కష్టం.

రెండవది అల ఆకారం. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గినప్పుడు అల విరుగుతుంది. అడుగు నెమ్మదిగా మెరకయితే అల మెల్లగా విరుగుతుంది. లోతు ఒక్కసారిగా తగ్గితే నిటారుగా లేచి కూలుతుంది. పుదుచ్చేరిలో 1980లలో నిర్మించిన రేవు గోడలు ఉత్తరానికి సాగే ఇసుకను అడ్డుకోవడంతో పట్టణ తీరం కోతకు గురైంది. ఇసుక మారితే అడుగు మారుతుంది, అడుగు మారితే అలా మారుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో సముద్రం మరింత అల్లకల్లోలంగా ఉంటుంది.

9 అడుగులు దాటిన పలక చిన్న అలల మీద సాఫీగా సాగుతుంది. నిటారు అల మీద మాత్రం దాని ముక్కు నీటిలో గుచ్చుకుంటుంది, తిప్పడమూ కష్టం. పొట్టి పలక చురుకుగా తిరుగుతుంది, కానీ బలమైన అల, బాగా అలవాటు కావాలి. కాబట్టి చాలామందికి 7 నుంచి 8 అడుగుల పొడవు, తమ బరువును తేల్చే ఘనపరిమాణం, కాస్త పైకి వంగిన ముక్కు, మెత్తని పైపొర ఉన్న పలక తగినది. ఇది దేనిలోనూ అన్నిటికంటే మేలు కాదు, చాలావాటిలో ఫరవాలేదు. రాజీ అంటే అదే.

అయితే అన్నిటికీ పనికివచ్చే పలక అంటే అన్ని రోజులూ దిగవచ్చని కాదు. ఈత రాకుండా, శిక్షకుడు లేకుండా నీటిలో దిగకండి. పలకను కాలికి కట్టే తాడు మరువకండి. సముద్రం లోపలికి లాగే రిప్ ప్రవాహంలో చిక్కితే, దానికి ఎదురీదకండి. పలకను వదలకుండా, తీరానికి సమాంతరంగా కదిలి బయటపడండి. మన జాలరులు అలలను చూడకుండా తెప్పను దింపరు. పలక ఎంపికలోనూ మొదటి పాఠం అదే.

అభ్యాసం: మీ బరువు ఎంత? 6 కిలోల పలకతో సహా మిమ్మల్ని తేల్చడానికి కనీసం ఎన్ని లీటర్ల ఘనపరిమాణం కావాలో లెక్కించండి.