పసివాని తప్పు – పంతులుకు పాఠము

“పువ్వు పుట్టగానే పరిమళించు”నని మన పెద్దల సామెత. “మొక్కై వంగనిది మానై వంగునా” అనునది మరియొకటి. శిశువు తన గుణములను పుట్టుకతోనే తెచ్చుకొనునని మొదటి దాని భావము. పెంపకమే ప్రధానమని రెండవదాని భావము. ఒకే అవ్వ, ఒకే మనుమని గూర్చి, ఉదయము మొదటి సామెతను, సాయంకాలము రెండవ సామెతను పలుకుట మన యిండ్లలో క్రొత్తగాదు. పాశ్చాత్య తత్త్వవేత్తల వాదము గూడ చిరకాలము ఈ రెండు సామెతల నడుమనే సాగినది. పదునేడవ శతాబ్దమున ఆంగ్లేయుడగు జాన్ లాక్, మనస్సు వ్రాయని కాగితము వంటిదనియు, అనుభవమే దానిపై అక్షరములు దిద్దుననియు చెప్పెను. 1762లో రూసో ‘ఎమీల్’ అను గ్రంథమున, శిశువునకు తనదైన ప్రకృతి కలదనియు, పెద్దలు తొందరపడి దానిని చెఱుపరాదనియు వాదించెను.

ఇరువదవ శతాబ్దమున ఈ చర్చ పండితుల గ్రంథములను వీడి తరగతిగదిలోనికి దిగివచ్చినది. దానికి దారి చూపినవి పిల్లలు చెప్పిన తప్పు సమాధానములనిన ఆశ్చర్యము కలుగవచ్చును.

స్విట్జర్లండు దేశీయుడగు జీన్ పియాజే 1896లో జన్మించెను. నత్తగుల్లలను పరిశోధించి 1918లో డాక్టరు పట్టమందిన యీతడు, కొలది కాలమునకు పారిస్ నగరము చేరి, బుద్ధిపరీక్షలకు ఆద్యుడైన ఆల్‌ఫ్రెడ్ బినే పేర వెలసిన ప్రయోగశాలలో పనికి కుదిరెను. ఆంగ్లదేశమున సిరిల్ బర్ట్ కూర్చిన తర్కప్రశ్నలను ఫ్రెంచి పిల్లలకు అనువుగా సవరించుట ఆయన పని. ఎందరు సరిగా చెప్పిరో లెక్కించిన చాలును. కాని పియాజే దృష్టి తప్పు చెప్పినవారి వైపు మరలినది. ఒక వయస్సు పిల్లలు ఇంచుమించు ఒకే తీరున తప్పు చెప్పుచుండిరి. ఆ తప్పులలో ఒక క్రమము కలదు. క్రమము కలచోట ఆలోచన కూడ ఉండితీరవలెను గదా! నీకు అట్లేల తోచినదని ఆయన పిల్లలనే అడుగసాగెను. 1980లో మరణించువరకును ఆయన సాగించిన పరిశోధన యంతయు ఆ ప్రశ్న నుండి పెరిగినదే.

ఆయన ప్రయోగములలో మిక్కిలి ప్రసిద్ధమైన దానిని ఏ యుపాధ్యాయుడైనను చేసి చూడవచ్చును. ఒకే కొలత గల రెండు గ్లాసులలో నీరు సమానముగా పోసి, ఐదేండ్ల బాలునకు చూపుడు. రెండును సమానమేనని అతడొప్పుకొనును. పిమ్మట అతని కన్నుల యెదుటనే ఒక గ్లాసులోని నీటిని సన్నని పొడవైన పాత్రలో పోయుడు. ఇప్పుడు దేనిలో ఎక్కువ నీరున్నదని అడిగినచో, పొడవైన దానిలోననియే సాధారణముగా సమాధానము వచ్చును. ఎత్తు పెరిగినది చూచెను. వెడల్పు తగ్గినది దానితో జతపరుపలేకపోయెను. ఏడెనిమిదేండ్లకు ఆ బాలుడే, నీరు కలుపనూలేదు, తీయనూలేదు గనుక రెండును సమానమేనని చెప్పును.

ఇట్టి పరిశీలనల ఫలితముగా పియాజే బుద్ధివికాసమును నాలుగు దశలుగా విభజించెను. రెండేండ్ల వరకు చూచి, తాకి, నోటబెట్టుకొని నేర్చునది ఇంద్రియ చాలక దశ. రెండు మొదలు ఏడేండ్ల వరకు మాట, ఊహ వికసించియు తర్కము కుదురనిది పూర్వ ప్రచాలక దశ. ఏడు మొదలు పదునొకండేండ్ల వరకు కంటికెదురుగా నున్న వస్తువులను గూర్చి సక్రమముగా తర్కింపగలిగినది మూర్త ప్రచాలక దశ. అటుపైన కేవల భావములతో ఆలోచింపగలిగినది అమూర్త ప్రచాలక దశ. మూడవ తరగతి బాలునకు భిన్నములను నల్లబల్లపై అంకెలతో చెప్పుటకంటె, ఒక రొట్టెను నాలుగు భాగములుగా విరిచి చూపుట మేలగుటకు కారణమిదియే.

అయితే ఈ దశలను చెరగని గీతలుగా భావించుట పొరపాటు. 1974 ప్రాంతమున స్కాట్లండునందు జేమ్స్ మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ అనువారు ఇట్టిదే మరియొక పరీక్షను చిన్న మార్పుతో జరిపిరి. రెండు సమాన వరుసలలో వస్తువులు పేర్చి, వానిలో నొకదానిని పెద్దవారు చెదరగొట్టుటకు బదులు, అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టినట్లు చేసిరి. అంతమాత్రమున సరియైన సమాధానములు ఎంతో పెరిగినవి. పంతులు పనిగట్టుకొని మార్చి, అడిగినదే మరల అడిగినచో, సమాధానము కూడ మార్చవలెనేమోయని పిల్లవాడనుకొనును. అనగా కొన్ని తప్పులు బాలుని బుద్ధిలోనివి కావు, మన ప్రశ్నలోనివి!

పియాజే జన్మించిన యేటనే రష్యా సామ్రాజ్యమున జన్మించిన లెవ్ వైగోట్‌స్కీ మరియొక లోపమును ఎత్తిచూపెను. క్షయవ్యాధి వలన 1934లో ముప్పదియేడేండ్లకే ఆయన కన్నుమూసెను. ఆయన చెప్పిన ఉదాహరణము ఉపాధ్యాయులు మననము చేయదగినది. పరీక్షలో ఇద్దరు బాలురు ఎనిమిదేండ్ల స్థాయి లెక్కలు మాత్రమే చేయగలిగిరి. మార్కులు చూచిన ఇద్దరును సమానులే. కొంచెము సూచన యిచ్చి ప్రోత్సహించినచో, ఒకడు పండ్రెండేండ్ల స్థాయి లెక్కలు చేసెను. రెండవవాడు తొమ్మిదేండ్ల స్థాయిలో ఆగెను. ఇంక వారు సమానులెట్లగుదురు? స్వయముగా చేయగలదానికిని, తోడుండిన చేయగలదానికిని నడుమ నున్న ఈ అంతరమునకు సామీప్య వికాస మండలమని పేరు. గురువు చేయూతకు తావు అచ్చటనే.

ఆ చేయూత బడిలోనే మొదలుకానక్కరలేదు. 1986–87లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని పేదవాడలయందు, పోషణలోపమున ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసిపిల్లలతో ఒక పరిశోధన ప్రారంభమైనది. కొందరి యిండ్లకు రెండేండ్లపాటు, వారమునకొక గంటసేపు, ఆరోగ్య కార్యకర్త పోయి, బిడ్డతో ఆడుట, మాటలాడుట ఎట్లో తల్లికి చూపెను. ఆ పిల్లలు ఇరువదిరెండేండ్ల వారగునప్పటికి, అట్టి సహాయమందని వారికంటె సుమారు 25 శాతము అధికముగా సంపాదించుచున్నట్లు 2014లో ప్రకటితమైనది. వంశము మారలేదు, వాడ మారలేదు. వారమునకొక గంట ఆట కలిసినది. మన దేశమున 1975లో ఆరంభమైన అంగన్‌వాడీలు అన్నము పెట్టుటతోపాటు ఆటపాటలనేల నేర్పవలెనో దీనివలన బోధపడును.

కనుక మన సామెతలు రెండును సగము నిజములు. పువ్వునకు పరిమళము సహజమే. కాని నీరందని తీగకు పువ్వు పూయుటయే కష్టము. తరగతిలో తప్పు చెప్పినవానికి “మొద్దు” అని పేరు పెట్టుట క్షణకాలపు పని. ఆ పేరు వానిని సంవత్సరములు వెంటాడును. చివరకు వాడే దానిని నమ్మును. అట్లుగాక, ఏల అట్లు తోచినదని అడిగి, వాడు చెప్పునంతవరకు ఓపికతో వినుటకు ఐదు నిమిషములు చాలును. ఆ తప్పు వయస్సు వలన కలిగినదా, ప్రశ్న వలన కలిగినదా, లేక తోడులేమి వలన కలిగినదా యని తెలియుటకు అంతకంటె దగ్గరి దారి లేదు. ఎఱ్ఱసిరాతో కొట్టివేయుటకు ముందు ఆ తప్పును ఒకసారి చదువవలెను.