‘దేనికోసం?’ అని చివరిదాకా అడిగితే

నాంపల్లిలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ కార్యాలయం ఉంది. జిల్లాల నుంచి వచ్చి, గది అద్దెకు తీసుకుని, రైస్ కుక్కర్‌లో ఒక పూట వండుకుని రెండు పూటలు తింటూ చదివేవాళ్ల చూపంతా అటువైపే. వాళ్లను ‘ఏం కావాలి?’ అని అడిగితే జవాబు తడుముకోకుండా వస్తుంది. గ్రూప్-1, కాకుంటే గ్రూప్-2. ‘దేనికోసం?’ అంటే మాత్రం కాస్త ఆగుతారు.

ఆ ఆగిన చోట మొదలయ్యే పనికి తాత్విక విచారణ (మన నమ్మకాలను మనమే ప్రశ్నలతో పరీక్షించుకోవడం) అని పేరు. పేరు చూసి జంకనక్కర్లేదు. దానికి కాషాయమూ వద్దు, ఎం.ఏ. పట్టా కూడా వద్దు. ఒక పద్ధతి, ఎదురుగా కూర్చునే మనిషి ఉంటే చాలు.

ఒకే గదిలో ఉండే ఇద్దరిని ఊహించుకుందాం. పెద్దవాడు చాలా ఏళ్లుగా పరీక్షలు రాస్తున్నాడు. చిన్నవాడు బీటెక్ ముగించి కొత్తగా దిగాడు. స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ మాట్లాడుకుంటున్నారు.

“సర్కారు నౌకరీ ఎందుకురా నీకు?”

“ఫికరుండది గదన్నా. నెల కాంగనే జీతం పడ్తది.”

“జీతం ప్రైవేటుల గూడ పడ్తది. ఫికరు దేనికి?”

“బాపుకు అప్పున్నది. చెల్లె పెండ్లి చెయ్యాలె.”

“అప్పు తీరింది, పెండ్లయింది అనుకో. అప్పుడు గూడ రాస్తవా?”

“రాస్త.”

“మరి అప్పు కోసమే అంటివి గదరా?”

“తాసిల్దారు ఆఫీసుకు పోతే మా బాపును నిలవెట్టే మాట్లాడుతరన్నా. ఒక్కడు గూడ కూసోమనడు.”

ఇక్కడ జరిగింది గమనించండి. మొదటి జవాబు అందరూ చెప్పేదే. రెండోది నిజమే, కానీ అదొక్కటే కారణం కాదు. చివరి జవాబు మాత్రం ఆ అబ్బాయిది, ఇంకెవరిదీ కాదు. ఇంత దూరం రావడానికి నాలుగు ప్రశ్నలు పట్టాయి.

దీని వెనకున్న యంత్రాంగాన్ని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తన ‘నికోమాకియన్ ఎథిక్స్’ మొదట్లోనే విప్పి చెప్పాడు. మనం చేసే పనుల్లో చాలావరకు సాధనాలు (మరోదాన్ని చేర్చే దారులు). ఆ మరోది కూడా ఇంకోదానికి సాధనమే కావచ్చు. ఇలా ప్రతిదీ ఇంకోదాని కోసమే అయితే ఆ వరస ఎక్కడా తెగదు, కోరికకు అర్థం లేకుండా పోతుంది. కాబట్టి మరోదాని కోసం కాకుండా, కేవలం దాని కోసమే మనం కోరుకునేది ఒకటి ఎక్కడో ఉండాలి. ‘దేనికోసం?’ అనే ప్రశ్న ఆ వరస పట్టుకుని నడిపిస్తుంది. జవాబు సాధనంలా వినిపించినంతసేపూ ఇంకా నడవాలి.

నడిస్తే సరిపోదు, దొరికినదాన్ని తట్టి చూడాలి. తట్టి చూసే దారులు పాతవే. నచికేతుడి కథ మనకు తెలుసు. కఠోపనిషత్తులో యముడు ఆ కుర్రాడికి ఏనుగులు, బంగారం, దీర్ఘాయువు, నూరేళ్లు బతికే కొడుకులు, మనవలు, అన్నీ ఇస్తానంటాడు. అవన్నీ ఎదురుగా ఉన్నా అడిగిన ప్రశ్న వదలలేదంటే, అతనికి ఏది ముఖ్యమో తేలిపోయింది. మనకు ఏనుగులు ఇచ్చేవాళ్లు లేరు కాబట్టి ప్రశ్నను తిప్పి మనల్ని మనమే అడగాలి. ఉద్యోగం వచ్చింది, కానీ ఊళ్లో ఎవరికీ తెలియకూడదంటే చేరతావా? చేరనంటే, అసలు కోరిక జీతం కాదు.

రెండో దారి సోక్రటీస్‌ది. ప్లేటో రాసిన ‘లేకిస్’ సంభాషణలో లేకిస్ అనే సేనాని, ధైర్యమంటే తన చోటు వదలకుండా నిలబడి పోరాడటం అంటాడు. సిథియన్లు వెనక్కి పరుగెడుతూనే పోరాడతారు కదా, అది ధైర్యం కాదా అని సోక్రటీస్ అడుగుతాడు. దీన్ని ప్రత్యుదాహరణ (చెప్పిన నియమానికి లొంగని సందర్భం) అంటారు. మన కుర్రాడి విషయంలో అది ఇలా ఉంటుంది. నువ్వు తాసిల్దారువైతే మీ బాపుకు కుర్చీ వేస్తారు సరే, పక్కింటి వాళ్ల బాపు వస్తే? ‘మా బాపుకు చాలు’ అంటే ఏ కొలువైనా ఫర్వాలేదు. ‘ఆయనకు గూడ వెయ్యాలె’ అంటే లెక్క మారుతుంది. అప్పుడు వకీలు పని, విలేకరి పని, బడిపంతులు పని కూడా లెక్కలోకి వస్తాయి. ఒకవేళ తాసిల్దారే అయితే, ఎలాంటి తాసిల్దారు కావాలో ఈ రోజే కొంత తేలుతుంది.

నాంపల్లికి ఇలాంటి విచారణ కొత్త కాదు. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు వెళ్లే రోడ్డులో ‘గోల్డెన్ థ్రెషోల్డ్’ అనే భవనం ఉంది. 1974లో పుట్టిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ తొలిరోజులు గడిచింది ఇక్కడే. అంతకుముందు అది అఘోరనాథ్ ఛటోపాధ్యాయ ఇల్లు. ఆయన బెంగాల్‌వాడు, ఎడిన్‌బరోలో సైన్స్‌లో డాక్టరేట్ చేశాడు. తర్వాతి కాలంలో నిజాం కాలేజీగా మారిన హైదరాబాద్ కాలేజీని నడిపాడు. ఆయన తోటలో రోజూ కొలువు తీరేదని కూతురు సరోజిని (తర్వాతి సరోజినీ నాయుడు) ఒక ఉత్తరంలో రాసింది. అన్ని మతాల పండితులు, రాజులు, బిచ్చగాళ్లు, సాధువులు, పచ్చి మోసగాళ్లు కూడా వచ్చేవారట. ఆయన అందరినీ ఒకేలా చూసేవాడట. రసవాదం (మామూలు లోహాన్ని బంగారం చేసే ప్రయత్నం) మీద డబ్బు తగలేసేవాడు కూడా. రసాయన శాస్త్రం చదివిన మనిషికి ఇదేం పిచ్చి అనిపిస్తుంది. ప్రశ్నలు అడిగేవాళ్లంతా సరైన జవాబులకే చేరతారని ఎవరూ హామీ ఇవ్వలేదు మరి.

అయితే అక్కడి ప్రశ్నలు తోటలోనే ఆగిపోలేదు. 1883లో చాందా రైల్వే పథకం మీద వివాదం రేగింది. వివరాలు ప్రజల ముందు పెట్టి చర్చించాలని అడిగినవాళ్లలో అఘోరనాథ్ ఒకడు. ఆయన్ను నిజాం రాజ్యం విడిచి పొమ్మన్నారు. తర్వాత వెనక్కి పిలిచారు, అది వేరే సంగతి. అడగడానికి ఖరీదు కట్టాల్సి వచ్చినప్పుడు ఆయన కట్టాడు.

ఇంట్లో వ్యవహారం ఇంత సాఫీగా లేదు. కూతురు గణితంలోనో సైన్స్‌లోనో గొప్పది కావాలని ఆయన ఆశ. పదకొండేళ్ల వయసులో ఆమె ఆల్జీబ్రా లెక్క ముందు కూర్చుంటే లెక్క తేలలేదు, పద్యం వచ్చింది. ఆ తర్వాత ఆమె డాక్టర్ గోవిందరాజులు నాయుడిని పెళ్లాడతానంది. కులం వేరు. రెండు కుటుంబాల్లోనూ ఒప్పుకోలేదని, 1895లో ఆమెను ఇష్టం లేకుండానే ఇంగ్లండ్ పంపారని కవి ఆర్థర్ సైమన్స్ ఆమె పుస్తకం ‘ది గోల్డెన్ థ్రెషోల్డ్’ (1905) ముందుమాటలో రాశాడు. అన్ని మతాలవాళ్లూ కూర్చుని వాదించుకున్న ఇల్లే అది. 1898లో ఆమె తిరిగి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో మద్రాసులో పెళ్లి జరిగింది. బ్రహ్మసమాజ పద్ధతిలో ఆ పెళ్లి చేయించినవాడు మన కందుకూరి వీరేశలింగం. తోటలో పదిమందితో తర్కించడానికీ, కూతురి పెళ్లి దగ్గర తర్కించడానికీ మధ్య దూరం ఎంతో ఈ మూడేళ్లు చెబుతాయి. ఏది ముఖ్యమో తేలేది రెండో చోటే.

ఇక జాగ్రత్తలు. ఎవరు అడుగుతున్నారన్నది పెద్ద విషయం. నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో క్రాస్ ఎగ్జామినేషన్ చేసే వకీలు, జవాబు తెలియని ప్రశ్న వేయకూడదంటారు. ఇక్కడ సరిగ్గా తలకిందులు. జవాబు ముందే తెలిసినట్టు అడిగితే అది విచారణ కాదు, కొడుకును తండ్రి నిలదీయడం. అడిగేవాడు ఎదురు ప్రశ్నకు కూడా సిద్ధపడాలి. చాయ్ తాగుతున్న తమ్ముడు ‘నువ్వెందుకు రాస్తున్నవన్నా ఇంక?’ అంటే, ‘నా సంగతి నీకెందుకు’ అనకూడదు.

వేళ కూడా చూడాలి. ఫలితాల్లో నంబరు లేని రోజు, ఇంట్లో చావు జరిగిన వారం ‘దేనికోసం?’ అని అడగడం క్రూరత్వం. ‘నాకే ఎందుకిలా?’ అన్నది అసలు ఈ జాతి ప్రశ్నే కాదు. అది ముందుకు నడవదు, అక్కడే తిరుగుతుంది. అదే రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వకపోతే చూపించుకోవాల్సింది డాక్టరుకు.

చివరికి దొరికిన జవాబును గత నెల ఖర్చుల పక్కన, ఫోన్‌లో గడిపిన గంటల పక్కన పెట్టి చూడాలి. ‘బాపు గౌరవం’ అని తేలిందనుకోండి, ఆ నెలలో బాపుతో మాట్లాడింది ఎన్నిసార్లు? జవాబుకూ లెక్కకూ పొంతన కుదరకపోతే రెండింటిలో ఒకటి తప్పు. చాలాసార్లు లెక్కే తప్పు, దాన్ని దిద్దుకోవచ్చు. కొన్నిసార్లు జవాబే తప్పు, అప్పుడు మళ్లీ మొదటి ప్రశ్న నుంచి అడగాలి.