నాణ్యం నేతలోనే ఉండాలి



చీర కొనేటప్పుడు మడత విప్పి, వెలుతురులో పెట్టి, అంచు లాగి చూస్తాం. లోపం కనిపిస్తే ఇంకోటి తియ్యమంటాం. మంచిదే. కాని ఆ పక్కన పెట్టిన చీరకు పట్టిన పట్టు, జరీ, రోజుల తరబడి పడ్డ శ్రమ వెనక్కి రావు గదా! అందుకే సరుకు తయారయ్యాక ఏరి పారేసేకంటే, తయారయ్యేటప్పుడే తప్పు దొర్లకుండా చూసుకోవడం మేలంటారు వ్యాపార నిర్వహణ తెలిసినవాళ్ళు. ఈ సూత్రం మన గద్వాల చీరలో ఎలా ఉందో చూద్దాం.

గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. అంచులకు రెండు నాడెలు, ఒంటికి ఒకటి, మొత్తం మూడు నాడెలతో నేస్తారు. ప్రతి వరసలోనూ అంచు పేక, ఒంటి పేక ఒకదాన్నొకటి పెనవేసుకోవాలి. దీన్నే కుప్పడం నేత అంటారు. ఒక్కచోట పెనవేత తప్పితే అక్కడ సందు పడుతుంది. జానెడు నేశాక చూసుకుంటే విప్పడం ఎంత కష్టమో, స్వెట్టరు అల్లే మీకు వేరే చెప్పాలా?

మగ్గం ఎక్కకముందే ఎన్నో పనులున్నాయి. రంగు అద్దాలి, కండెలు చుట్టాలి, పడుగు చెయ్యాలి, గంజి పెట్టాలి. ఎర్రంచు పట్టును రంగు వేశాక బాగా జాడించకపోతే, మొదటి ఉతుకులోనే ఆ ఎరుపు తెల్లటి ఒంటి మీదికి పాకుతుంది. నేతగాడు ఎంత నేర్పరైనా ఆ తప్పును మగ్గం మీద దిద్దలేడు.

జపాను నిపుణుడు కవోరు ఇషికావా ఒక చక్కని మాట చెప్పాడు. మన తరువాత పని అందుకునేవారినే మన కొనుగోలుదారుగా భావించమన్నాడు. అంటే రంగు వేసేవారికి కొనుగోలుదారు కండె చుట్టే ఇల్లాలు, ఆమెకు నేతగాడు, నేతగాడికి మనం. చాలా నేత ఇళ్ళలో కండెలు చుట్టేది ఆడవాళ్ళే. "ఏదో చేతిసాయం" అని లెక్కలోకి రాని ఆ పని మీద చీర నిలకడ ఆధారపడి ఉందన్నమాట!

జపానులోనే సకిచి టొయోడా 1924లో ఒక మరమగ్గం తయారుచేశాడు. పోగు తెగితే అది తనంతట తానే ఆగిపోయేది. ఆ పద్ధతినే తరువాత టొయోటా కార్ల కర్మాగారాలు అందుకున్నాయి. లోపం కనపడగానే పని ఆపాలి, కారణం దిద్దాలి, అప్పుడు సాగాలి. మన నేతగాడూ పోగు తెగితే ఆగి ముడి వేస్తాడు. అయితే అది సగం పనే. గంజి చాలలేదా, కండె వదులైందా అని వెనక్కి వెళ్ళి అడగడం మిగతా సగం.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కూలి చీర లెక్కన ఇచ్చేచోట, ఆగిన గంట నేతగాడి సొంత నష్టం. పిల్లల ఫీజు కట్టవలసినవాడు చూసీ చూడనట్టు పోనిస్తే తప్పెవరిది? నాణ్యం కావాలంటే ఆగిన గంటకూ కూలి ముట్టాలి.

గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈసారి కొనేటప్పుడు హ్యాండ్లూమ్ మార్కు ఉందేమో అడగండి. చీర తిరగేసి, అంచూ ఒళ్ళూ కలిసినచోట వేలు పెట్టి చూడండి. బేరం మొదలుపెట్టే ముందు మాత్రం, ఆ నేతగాడు ఆగిన గంటలనూ మీ లెక్కలో వేసుకోండి.