నాలుగు డిస్కులు... ఒకే పద్దు!

పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, దుకాణం లెక్కలు... అన్నీ దాచుకునేది హార్డ్‌డిస్కుల్లోనే. అలాంటి డిస్కులు నాలుగైదింటిని కలిపి ఒక్కటిగా పనిచేయించే విద్యే ‘రెయిడ్‌’. కలపడం తేలికే. కలిపాక పరుగెత్తించడంలోనే ఉంది కిటుకంతా!

కంప్యూటర్‌లో అన్నిటికన్నా నిదానంగా నడిచే భాగాల్లో హార్డ్‌డిస్క్‌ ఒకటి. ఎందుకంటే దాని లోపల నిజంగానే ఓ పళ్లెం తిరగాలి, దానిమీద ఓ తల అటూ ఇటూ కదలాలి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్‌కు ఒక్క చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సమాచారం తల కిందికి వచ్చేదాకా సగటున అందులో సగం సమయం ఎదురుచూపులే. అందుకే అక్కడో ముక్క, ఇక్కడో ముక్క వెతికి తెమ్మంటే సెకనుకు వంద పనులు చేసేసరికి దానికి ఆయాసం వచ్చేస్తుంది.

మరి ఒకటి చేయలేని పనిని నలుగురికి పంచితే? 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్‌ ప్యాటర్సన్‌, గార్త్‌ గిబ్సన్‌, ర్యాండీ కాట్జ్‌ ఈ ఆలోచననే ఓ పరిశోధన పత్రంగా రాశారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనేకన్నా, చవకైన చిన్న డిస్కులు చాలా కలిపి వాడుకోవడం మేలన్నది వారి వాదన. ‘రెయిడ్‌’లోని ‘ఐ’ అక్షరానికి మొదట్లో అర్థం చవక అనే! తర్వాత్తర్వాత దాన్ని ‘ఇండిపెండెంట్‌’గా మార్చారు.

లెక్క సరిపోతే చాలు

పని పంచుకోవడం సరే, డిస్కులు పెరిగేకొద్దీ వాటిలో ఏదో ఒకటి పాడయ్యే అవకాశమూ పెరుగుతుంది. దానికి విరుగుడు మన కిరాణా పద్దులోనే ఉంది. మూడు వస్తువుల ధరలు, కింద మొత్తం రాసిన చీటీలో ఒక ధర చిరిగిపోయిందనుకోండి. మొత్తంలోంచి మిగతా రెండూ తీసేస్తే చిరిగిన అంకె దొరికేస్తుంది. రెయిడ్‌-5లో జరిగేదీ ఇంచుమించు ఇదే. నాలుగు డిస్కులుంటే మూడింటికి సరిపడా సమాచారం, ఒకదానికి సరిపడా ‘మొత్తం’. ఈ మొత్తాన్నే ‘ప్యారిటీ’ అంటారు. ఒక డిస్కు పోయినా మిగతా మూడూ కలిసి దాన్ని మళ్లీ రాసిపెడతాయి.

ఒకప్పుడు ఈ లెక్కలకు ప్రత్యేకమైన ఖరీదైన కార్డు కొనేవారు. ఇప్పుడు ఆపరేటింగ్‌ సిస్టమే ఆ పని చేసేస్తోంది. లినక్స్‌లో దీని పేరు ‘ఎండీ’. ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో వాడే నెట్‌వర్క్‌ స్టోరేజి పెట్టెలు చాలావాటిలో ఉన్నదీ ఇదే.

నాలుగింతల చాకిరీ

చిక్కంతా చిన్న మార్పుల దగ్గరే. పద్దులో ఒక్క ధర దిద్దితే కింద మొత్తం కూడా దిద్దాలి కదా! అంటే పాత అంకె చదవాలి, పాత మొత్తం చదవాలి, కొత్త అంకె రాయాలి, కొత్త మొత్తం రాయాలి. ఒక్క రాతకు నాలుగు పనులు! నాలుగు డిస్కులు పెట్టినా కంప్యూటర్‌ ఒక్కోసారి నత్తనడక నడిచేది ఇందుకే. అదే మూడు ధరలూ ఒకేసారి రాస్తే పాతవి చదవాల్సిన పనే లేదు. కొత్త మొత్తం వేసి నాలుగు డిస్కులకూ ఒక్క విడతలో పంపేయొచ్చు.

ఫైళ్లను ఎక్కడ సర్దాలో చూసుకునే ఫైల్‌ సిస్టమ్‌కు కింద ఎన్ని డిస్కులున్నాయో తెలిస్తే ఇలా వరస మొత్తాన్ని నింపే ప్రయత్నం చేస్తుంది. ఆ సంగతి చెప్పడమే ‘ట్యూనింగ్‌’లో మొదటి మెట్టు. ఒక్కో డిస్కుకు ఒక్కో విడతలో పంచే ముక్క ‘చంక్‌’. అది 512 కిలోబైట్లు, ఫైల్‌ సిస్టమ్‌ బ్లాక్‌ 4 కిలోబైట్లు అనుకుందాం. 512ని 4తో భాగిస్తే 128. ఈఎక్స్‌టీ4 భాషలో ఇది ‘స్ట్రైడ్‌’. సమాచారం ఉండేది మూడు డిస్కులకు సరిపడానే కాబట్టి 128ని 3తో హెచ్చవేస్తే 384. ఇది ‘స్ట్రైప్‌ విడ్త్‌’. ఫైల్‌ సిస్టమ్‌ తయారుచేసేటప్పుడే ఈ రెండు అంకెలూ ఇవ్వాలి. ఇప్పటి పరికరాలు చాలావరకూ వీటిని తామే కనిపెడతాయి. అయినా ఒకసారి సరిచూసుకోవడం మంచిది. స్ట్రైడ్‌ వల్ల ఇంకో లాభం... ఏ జాగా ఖాళీగా ఉందో చెప్పే పట్టికలన్నీ ఒకే డిస్కు మీద పోగుపడకుండా తలా కొన్ని సర్దుకుంటాయి.

హద్దురాయి కుదరాలి

పొలానికి గట్టు వంకరగా వేస్తే ఏటా తగవే. డిస్కులోనూ అంతే. పాతకాలపు పద్ధతిలో మొదటి భాగం 63వ సెక్టార్‌ దగ్గర మొదలయ్యేది. అంటే 31.5 కిలోబైట్ల దగ్గర. అది 4తో భాగిస్తే పోదు. దాంతో ఒక్క ముక్క రెండు గదుల్లో కాళ్లు పెట్టినట్టయి పని రెట్టింపయ్యేది. అందుకే ఇప్పుడు ఒక మెగాబైట్‌ దగ్గర మొదలుపెడతారు.

ఇంకొన్ని చిట్కాలూ ఉన్నాయి. చదవబోయేదాన్ని ముందే తెచ్చి పెట్టుకునే ‘రీడ్‌ ఎహెడ్‌’ పెంచితే పెద్ద వీడియోలు సాఫీగా నడుస్తాయి. చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లకు మాత్రం దానివల్ల ఒరిగేదేం ఉండదు. ఎండీలోని ‘స్ట్రైప్‌ క్యాష్‌’ పెంచితే రెయిడ్‌-5లో రాత వేగం పుంజుకుంటుంది, బదులుగా మెమరీ తింటుంది. ఏది మార్చినా ఒక్కొక్కటే మార్చి, ముందూ తర్వాతా వేగం కొలిచి చూసుకోవాలి. అన్నీ ఒకేసారి తిప్పితే ఏది మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో తేలదు.

వేగం వెనక గండం

అన్నిటికన్నా ముఖ్యం... వేగం కోసం తాకట్టు పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. ‘బ్యారియర్‌’ అనే రక్షణను తీసేస్తే రాత చురుగ్గా సాగుతుందని కొందరు సలహా ఇస్తారు. రాసింది డిస్కులో నిజంగా పదిలపడే వరకూ ఆగమనేది ఆ బ్యారియరే. అది లేనప్పుడు కరెంటు పోతే ఫైల్‌ సిస్టమే దెబ్బతినొచ్చు. అంకె రాసి మొత్తం రాసేలోగా కరెంటు పోతే రెయిడ్‌-5లో పద్దు తప్పుతుంది. దీన్ని ‘రైట్‌ హోల్‌’ అంటారు. యూపీఎస్‌ పెట్టుకోవడం ఈ గండాన్ని తగ్గించే తేలికైన మార్గం.

ఇక, ఒక డిస్కు పోయాక కొత్తది పెడితే అది నిండటానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. ఆలోగా రెండోది పోతే రెయిడ్‌-5లో అంతా పోయినట్టే. పెద్ద డిస్కులు వాడేవాళ్లు రెండు పోయినా తట్టుకునే రెయిడ్‌-6 వైపు మొగ్గేది అందుకే.

పొరపాటున మీరే ఫొటోలు చెరిపేస్తే? నాలుగు డిస్కులూ ఏకమై బుద్ధిగా చెరిపేస్తాయి! వైరస్‌ వచ్చినా, పిడుగు పడినా, పెట్టె దొంగలెత్తుకుపోయినా రెయిడ్‌ చేయగలిగిందేమీ లేదు. కాబట్టి పాపాయి తొలి అడుగుల వీడియో ఇంకో డిస్కులోకి కాపీ చేసి, వీలైతే వేరే ఊళ్లో ఉన్న అమ్మమ్మగారింట్లో దాచి ఉంచండి. వేగం సంగతి ఆ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు!